సువార్త వెలిగించిన కొవ్వొత్తి

అనగనగా గోదారి మధ్యన ఒక లంక ఊరుందిరా బుజ్జులూ. ఆ ఊళ్ళో సువార్త అని ఒక పిల్ల మేనమామ ఇంట్లో పెరిగేది. వాళ్ళమ్మ జ్వరమొచ్చి పోతే సమాధుల తోటలో పెట్టారు. ఆ ఏడే పెద్ద వరదొచ్చి చెక్క సిలువలన్నీ కొట్టుకుపోయాయి. నీళ్ళు తీశాక చూస్తే అన్నీ ఒక్కలాంటి ఇసక దిబ్బలే.

మనవాళ్ళు సమాధుల పండక్కి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, పొద్దుగూకే వేళకి కొవ్వొత్తి వెలిగిస్తారు కదా. అందరూ ఇదే మాదని అందాజుగా ఒక్కో దిబ్బ పట్టుకున్నారు. సువార్త మొండిఘటం, అందాజు తనకొద్దంది. అమ్మ ఒక్కతే చీకట్లో ఉంటుందని ఆ పిల్లకి అన్నం సహించేది కాదు.

అప్పుడు గోతులు తవ్వే ఏసోబుని అడిగింది. తాటిచెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టి తవ్వానన్నాడు. ఆ తాటిచెట్టు కూడా వరదలోనే పోయింది.

ఆ తర్వాత పాస్టరయ్యగారిని అడిగింది. ఆయన రిజిస్టరు తీసి చూశారు. పేరుంది, చోటు లేదు. దేవుడికి తెలుసమ్మా అన్నారు. ఆయనకి తెలిస్తే నాకెందుకు చెప్పడు అని అడిగిందా పిల్ల. అయ్యగారు తెలియనిది తెలిసినట్టు చెప్పే రకం కాదులే. అది నాకూ తెలీదమ్మా అన్నారు.

ఇక దేవుణ్ణే అడిగింది. ఏ దిబ్బ మీద నా కొవ్వొత్తి ఆరకుండా నిలిస్తే అదే మా అమ్మది అంది. చూశావా, ఏకంగా దేవుడికే పరీక్ష పెట్టింది. గోదారి గాలికి రెండు చోట్ల ఆరిపోయింది. మూడోది మొగలి డొంక చాటున ఉంది, అక్కడ నిలిచింది. డొంక చాటున గాలి తగలదని ఆ పిచ్చిపిల్లకి తోచలేదు.

మూడేళ్ళు ఆ దిబ్బకే సున్నం వేసింది. దాని పక్కనే కూచుని అత్త తిట్టిందీ, జడ వేసుకోవడం వచ్చిందీ, అన్నీ చెప్పుకుంది.

నాలుగో ఏడు పండగ సాయంత్రం పడవ దిగి ఒక ముసలమ్మ వచ్చింది. పేరు మార్తమ్మ, అవతలి గట్టు ఊరు. కర్ర ఊతంగా, మొగలి డొంక ఆనవాలు పట్టి నేరుగా ఆ దిబ్బ దగ్గరికే వెళ్ళి, తలవైపు ఇసక తవ్వింది. జానెడు లోతున విరిగిన సన్నికల్లు బయటపడింది. కొడుకుని పూడ్చిననాడు ఆవిడ తన చేత్తో పెట్టుకున్న గుర్తది. ఈ లంకకి కూలికొచ్చి ఇక్కడే చనిపోయిన ఆవిడ కొడుకు తిమోతి సమాధి అది.

సువార్త అక్కడే ఉండి అంతా చూసింది. ఇన్నాళ్ళూ తన ఊసులన్నీ ఎవరి కొడుక్కో చెప్పుకుంది. అడిగితే తప్పు చోటు చూపించావేంటి దేవుడా అని ఏడ్చింది. ముసలమ్మ పక్కన కూచుని ఆ పిల్ల కళ్ళు తుడిచింది.

అప్పుడు అంది, "కాలు విరిగి మూడేళ్ళు మంచం దిగలేదమ్మా. నా కొడుకు దగ్గర దీపం పెట్టే దిక్కెవరయ్యా అని రోజూ ఆ దేవుణ్ణే అడిగాను. ఒక్క మాటా చెప్పలేదు. నువ్వు ఇక్కడ పెడుతూనే ఉన్నావు."

"మరి మా అమ్మ దగ్గర ఎవరు పెడుతున్నారు?"

ముసలమ్మకి తెలియదు. తెలియదనే చెప్పి, ఆ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

సువార్త తలెత్తి చూసింది. తోట నిండా కొవ్వొత్తులే, ఒక్క దిబ్బా చీకట్లో లేదు. ఎవరో తమ తాతనుకుని, ఎవరో తమ చెల్లెలనుకుని పెట్టినవి. అమ్మ దగ్గరా ఒకటి వెలుగుతోంది, ఏదో మాత్రం తెలియదు. సువార్త లేచి నిలబడి, అన్ని దిబ్బలకీ వినపడేలా అమ్మా అని పిలిచింది.

కథేమో కంచికి, కునుకేమో కంటికి,
తెలిసింది గోరంత, తెలియంది కొండంత,
కొండంతా ఎరిగినాయన తోడు రాగా
నువ్వూ నేనూ ఇంటికి.