చీల్చి చూడని ఆపిల్

అనగనగా ఒక మంచుకొండ అడవిలో జంతువులన్నీ కలిసి పెంచుకున్న ఆపిల్ తోట ఒకటి ఉండేది. చెట్లు ఎవరివి వాళ్ళవే. కానీ కోసిన పండ్లన్నీ ఒకే గుహలోకి చేరేవి. మంచు పడిందంటే ఆ అడవిలో గడ్డిపోచ కూడా దొరకదు మరి. చలికాలమంతా అందరూ ఆ గుహలోని పండ్లతోనే బతకాలి.

అందుకని వాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కోతకు ముందు ప్రతి చెట్టు నుంచీ ఒక పండు తెంపి, అందరి ముందూ అడ్డంగా చీల్చి చూడాలి. గింజలు తెల్లగా ఉంటే కాయ ఇంకా పసిది, ఆగాలి. గింజలు గోధుమరంగుకు తిరిగి, గుజ్జు గట్టిగా ఉంటే కోసి గుహలో దాచాలి. గుజ్జు పిండిపిండిగా అయిపోతే ఆ పండ్లు దాచడానికి పనికిరావు, వెంటనే తినెయ్యాలి. పైరంగు చూసి మాత్రం ఎవరూ ఏమీ చెప్పకూడదు. ఎండ బాగా తగిలితే పచ్చికాయ కూడా ఎర్రగా మెరుస్తుంది!

చీల్చి చూసే పని ఎలుగుబంటి బొద్దన్నది. చూస్తే భయం వేస్తుంది గానీ, అతని మనసు వెన్న.

ఆ ఏడు ముందుగా కొండముచ్చు తోకయ్య చెట్టు దగ్గరికి వెళ్ళారు. అది ఎండవైపు చెట్టు. కొమ్మకొమ్మకీ ఎర్రటి కాయలే.

"చూడు బొద్దన్నా, ఎలా నిగనిగలాడుతున్నాయో! ఇవాళే కోసేస్తాను" అన్నాడు తోకయ్య.

బొద్దన్న ఒక కాయ తెంపి గోటితో చీల్చాడు. గింజలు పాలలా తెల్లగా ఉన్నాయి.

"ఇంకా ఆగాలి తోకయ్యా. ఇప్పుడే కోస్తే గుహలో ముడతలు పడిపోతాయి" అన్నాడు. తోకయ్య మూతి ముడుచుకుని కొమ్మెక్కి కూర్చున్నాడు.

తరువాత కుందేలు చెవులమ్మ చెట్టు. ఆ పండును చీలిస్తే గింజలు గోధుమరంగులో ఉన్నాయి, గుజ్జు గట్టిగా ఉంది. "కోసుకో చెల్లీ" అన్నాడు బొద్దన్న. చెవులమ్మ సంతోషంగా బుట్ట తెచ్చుకుంది.

ఆఖరుకి ముళ్ళపంది సూదమ్మ చెట్టు దగ్గరికి వచ్చారు. సూదమ్మకు మొగుడు లేడు, ముగ్గురు పిల్లలు. ఉన్నది ఒక్కటే బక్కచెట్టు, అదీ బండరాయి నీడలో. కాసినవి బుట్టెడు పండ్లు. వాటికి ఎరుపు ఎప్పుడొస్తుందా అని ఆవిడ రోజూ ఎదురుచూసింది. నీడలో పెరిగిన పండు సరిగా ఎర్రబడదని ఆవిడకు తోచలేదు.

"ఇప్పుడిప్పుడే కాస్త రంగు తిరిగాయన్నా. చీల్చి చూడు" అంది సూదమ్మ.

బొద్దన్న ఒక పండు తెంపి గోరు పెట్టబోయాడు. అంతలో సూదమ్మ చిన్నకూతురు అతని కాలు పట్టుకుంది.

"మామా, దాన్ని చీల్చేస్తావా? అది నాది" అంది.

బొద్దన్నకు చెయ్యి ఆడలేదు. పాపం, ఉన్నవే బుట్టెడు పండ్లు, అందులో ఒకటి పాడుచెయ్యడం ఎందుకు అనుకున్నాడు. పండును పాప చేతిలో పెట్టి, "చూడక్కర్లేదులే సూదమ్మా. బాగానే ఉంటాయి. కోసి గుహలో పెట్టుకో" అన్నాడు. ఎంత మంచివాడో కదా! చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అలాగే అనుకున్నారు.

మంచు పడింది. కొన్నాళ్ళకు చెవులమ్మ గుహ తలుపు తీసి అక్కడే నిలబడిపోయింది. లోపలి నుంచి గుప్పున తియ్యటి వాసన వచ్చింది. మామిడికాయల గంపలో బాగా మాగిన పండు ఒకటి ఉంటే మిగతావి కూడా తొందరగా మాగుతాయి, చూశారుగా? ఆపిల్ పండ్లూ అంతే. ఎరుపు కోసం ఆగడంతో సూదమ్మ పండ్లు చెట్టు మీదే మాగిపోయి ఉన్నాయి. వాటి పక్కనున్న పండ్లూ మెత్తబడ్డాయి. వాటిని చూసి మరికొన్ని. సగం గుహ పాడైపోయింది.

తోకయ్య మండిపడ్డాడు. "ఇదంతా సూదమ్మ పనే! తెలిసే పాడు పండ్లు మన మధ్య పెట్టింది. ఇక ఆమెకూ పిల్లలకూ గుహలో వాటా లేదు!"

సూదమ్మ పిల్లల్ని దగ్గరకు లాక్కుంది. ఆ చలిలో వాటా లేదంటే చావమన్నట్టే. ఎవరూ తోకయ్యకు అడ్డు చెప్పలేదు.

అప్పుడు బొద్దన్న ముందుకు వచ్చాడు. "తప్పు ఆమెది కాదు, నాది. ఆమె చీల్చి చూడమంది. నేనే జాలిపడి చూడలేదు" అన్నాడు.

అందరూ తలలు దించుకున్నారు. సూదమ్మ మాత్రం బొద్దన్న వైపు చూసింది.

"నువ్వు మంచి మనసుతోనే చేశావన్నా, కాదనను. కానీ ఆ రోజు చీల్చి ఉంటే ఏమయ్యేది? ఒక్క పండు పోయేది. మిగతావన్నీ నా పిల్లలు ఆ పూటే కడుపునిండా తినేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళకు ఆ పండ్లూ లేవు. పైగా నలుగురిలో దొంగలా నిలబడ్డాను."

బొద్దన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మిగిలిన పండ్లను అందరూ కొంచెం కొంచెంగా పంచుకున్నారు. సూదమ్మకూ వాటా వచ్చింది. అయినా మంచు కరగకముందే గుహ ఖాళీ అయింది. ఎలుగుబంట్లు చలికాలమంతా నిద్రపోతాయి గానీ, బొద్దన్న ఆ ఏడు నిద్రపోలేదు. రోజూ మంచు కింది నేలను లోతుగా తవ్వి, దొరికిన కాసిని దుంపలు తీసి, ముందుగా సూదమ్మ గుమ్మం ముందు పెట్టేవాడు.

ఒకరోజు సూదమ్మ బయటికి వచ్చింది. "నాకు ముందుగా పెట్టొద్దన్నా. అందరితో పాటే పంచు. రేపు నన్నూ తీసుకెళ్ళు. తవ్వడం నాకూ వచ్చు" అంది.

బయట మంచు రాయిలా ఉంది. 'అయ్యో పాపం, నువ్వెందుకమ్మా' అనే మాట బొద్దన్న నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. ఆమె గోళ్ళను పట్టుకుని ఒక్కొక్కటే చూశాడు. గట్టిగానే ఉన్నాయి.

"పొద్దున్నే రా" అన్నాడు.

నీతి: జాలిపడి నిజం చూడకుండా వదిలేస్తే, మనం ఎవరి మీద జాలిపడ్డామో ముందు వాళ్ళకే నష్టం.