మిగులు చీటీల తల్లి

నాగావళి ఏరు కొండలు దిగివచ్చి, అలసిపోయి, ఇసుకలో కాళ్ళు చాపుకొని పడుకున్నట్టు కనిపించే ఒక మలుపులో కొప్పెరవలస అనే ఊరుంది. బస్సు దిగి గట్టు వెంబడి అరమైలు నడిస్తే మొగలి పొదల నడుమ తల్లి గుడి కనిపిస్తుంది. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. గుడి వాకిట్లో మాత్రం నలుచదరంగా మెత్తటి ఇసుక పరచిన చెడుగుడు బరి ఉంటుంది. దాని మీద ఎవరూ చెప్పులతో నడవరు.

తల్లి మూర్తి నల్లరాతిది. ఎడమ చెయ్యి ముందుకు చాచి ఉంటుంది. ఆ అరచేతిలో విప్పిన తాటాకు చీటీలు రెండు చెక్కి ఉంటాయి. కుడిచెయ్యి మాత్రం గుప్పెట మూసి ఉంటుంది. ఆ గుప్పెట్లో ఏముందని కొత్తగా వచ్చిన వారందరూ అడుగుతారు. దానికి జవాబే ఈ కథ.

ఓడి ఓడి విసిగిన కబడ్డీ జట్ల పెద్దలు నేటికీ మాఘమాసంలో ఇక్కడికి వస్తారు. కొత్త కోచ్‌గా ఎవరిని పెట్టుకోవాలో తేలక ముగ్గురి పేర్లు పట్టుకొని వస్తారు. ఆ పేర్లు అందరి ముందూ రాసి, చుట్టచుట్టి, తల్లి పాదాల దగ్గర పెడతారు. పూజారి కళ్ళు మూసుకొని ఒకటి తీసి గుప్పెట పడతాడు. ఆ గుప్పెట విప్పడు. మిగిలిన రెండు చీటీలనే ముందు విప్పి గట్టిగా చదువుతారు. లోకంలో అంతటా వచ్చిన చీటీకి గౌరవం, ఇక్కడ మిగిలిన చీటీకి గౌరవం. అందుకే ఈమెకు మిగులు చీటీల తల్లి అని పేరు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. పొదల కింద ఒక గుండ్రాయి ఉండేది. దానికి పసుపు రాసి ఒడ్డుపోలమ్మ అని కొలిచేవారు. ఏటికి ఇవతల కొప్పెరవలస, అవతల నీలాటిపేట. చైత్రమాసంలో రెండూళ్ళకూ కలిపి ఒకటే జాతర. జాతర ముందు రోజు రెండూళ్ళ జట్లూ చెడుగుడు ఆడేవి. గెలిచిన ఊరి ఆడవాళ్ళు నిండు ఘటాలతో ముందు నడిచేవారు. ఓడిన ఊరివాళ్ళు ఖాళీ కుండలు నెత్తిన పెట్టుకొని, ముందువాళ్ళ కాళ్ళ దుమ్ము తింటూ వెనక నడవాలి.

కొప్పెరవలస ఏడేళ్ళు వరసగా ఆ దుమ్ము తిన్నది. ఆ ఏడేళ్ళలో నలుగురు గురువులను మార్చింది. ఓడిన ప్రతిసారీ తప్పు గురువుదే. ఒకడిని తిట్టి పంపారు, ఒకడిని తిట్టకుండానే పంపారు, ఇద్దరు ఎవరూ పంపకముందే పారిపోయారు.

ఆ జట్టుకు పెద్ద సూరప్పడు. ఇరవై రెండేళ్ళవాడు. కూతకు వెళితే గుక్క తిప్పుకోకుండా అవతలి గీత దాకా పోయి వచ్చేవాడు. ఏటవతల చదివిన రెండేళ్ళ వీధిబడి చలవతో ఊళ్ళో అక్షరం ముక్క వచ్చినవాడు అతనొక్కడే. ఉత్తరమొచ్చినా, పత్రమొచ్చినా జనం అతని దగ్గరికే వచ్చేవారు. అతను ఏది చదివితే అదే రాసి ఉన్నట్టు.

ఎనిమిదో ఏడు గురువు కోసం మూడు పేర్లు వచ్చాయి. మొదటివాడు దాలినాయుడు. కోటలో జమీందారు ముందు ఆడి వెండి కడియం తొడిగించుకున్నవాడు. అతను ఏటి ఒడ్డున నిలబడి జుట్టు వెనక్కి తోసుకుంటే, ఏరు కూడా ఒక్క క్షణం ఆగి చూస్తుందేమో అనిపించేది సూరప్పడికి. రెండోవాడు సాము గరిడీలు నేర్పే నరసన్న. మూడోవాడు బంగారప్పడు.

బంగారప్పడు బరి చూసుకునే మనిషి. వయసులో ఉండగా పట్టులో మోకాలు తిరిగిపోయి కుంటివాడయ్యాడు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే బరికి నీళ్ళు చల్లి, చదును చేసి, గీతలు గీసేవాడు. చదును చేసే ముందు వంగి ఇసుకలో నిన్నటి అడుగులు చూసేవాడు. "గంగులుగాడు ఎడం మడమ నొక్కుతున్నాడర్రా, కుడిపక్కకి దూకలేడు" అనేవాడు. కుర్రాళ్ళు నవ్వేవారు. సూరప్పడు కూడా నవ్వేవాడు.

ఊరి పెద్ద రామినాయుడు ఆ పేరు ఎత్తినప్పుడు సభలో గుసగుసలు లేచాయి. నీలాటిపేట నుంచి పెళ్ళి పని మీద వచ్చిన ఒకడు పక్కనుంచి అననే అన్నాడు.

"కుంటోడు గురువైతే గెంతులాటకి బాగుంటాది మావా!"

ఆ నవ్వు సూరప్పడి చెవుల్లో ముల్లులా దిగింది. పేర్ల మీద పంచాయితీ తెగలేదు. చివరికి తల్లినే అడుగుదామన్నారు. చీటీలు రాయడానికి సూరప్పడు కాక ఇంకెవరున్నారు?

అతను తాటాకు ముక్కలు మూడు కోసి, గంటం పట్టుకొని పొదల చాటున కూర్చున్నాడు. మొదటి దాని మీద దాలినాయుడు అని రాశాడు. రెండోది చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళముందు వెండి కడియం మెరిసింది, ఆ వెంటనే ఆ నవ్వు వినబడింది. తల్లికి పంటలు తెలుసు, రోగాలు తెలుసు, ఆట ఏం తెలుసు అనుకున్నాడు. ఆమె చెయ్యి పొరపాటున కుంటివాడి మీద పడితే ఊరి పరువు ఏమవుతుంది? రెండోదాని మీదా దాలినాయుడు అనే రాశాడు. మూడోదాని మీదా అదే. రాస్తున్నంతసేపూ ఊరికోసమే అనుకున్నాడు. చుట్టచుట్టేటప్పుడు మాత్రం రెండుసార్లు పొదల బయటికి తొంగి చూశాడు.

పూజారి అసిరయ్య ఒక చీటీ తీశాడు. సూరప్పడు చదివాడు. ఊరంతా కేకలు పెట్టింది. మిగిలిన రెండు చీటీలనూ ఏట్లో వదలమని బంగారప్పడి చేతికిచ్చారు. ఆ రోజుల్లో ఆచారం అది.

మూడోనాడు పొద్దున బంగారప్పడు బరి అంచున సూరప్పడిని ఆపి, తలపాగా మడతలోంచి ఆ రెండు ఆకులూ తీశాడు.

"అల్లుడూ, కోప్పడకు. ఏట్లో వదల్నేదు. నా పేరు తల్లి ముందర పెట్టడం ఇదే మొదలు గదా, పారేయడానికి చెయ్యాడ్నేదు. ఇందులో నాదేదో సెప్పు, దాచుకుంటాను. నరసన్నది వదిలేస్తాను."

సూరప్పడు రెండు ఆకులూ అందుకొని అటూ ఇటూ తిప్పాడు.

"నాకైతే రెండూ ఒక్కలాగే కనిపిస్తన్నాయి," అని నవ్వాడు బంగారప్పడు. "చదువురాని కళ్ళు గదా!"

"ఇది నీది మావా," అన్నాడు సూరప్పడు, చేతికందిన ఆకు చూపించి. నాలుక దానంతట అదే తిరిగింది. అబద్ధం ఇంత తేలికా అనిపించింది. కూతలో ఊపిరి బిగపట్టడమే దీనికంటే కష్టం.

మర్నాటి నుంచి మరో వింత మొదలైంది. బరి చదును చేశాక బంగారప్పడు ఆ ఆకు ముందు పెట్టుకొని, మూలన వేలితో అక్షరాలు దిద్దేవాడు. మొదట వంకర టింకరగా, నెల తిరిగేసరికి ముత్యాల్లా. "నా పేరు" అని వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు. దాలినాయుడికీ అక్షరం ముక్క రాదు, చదవగలిగినవాడు ఊళ్ళో ఒక్కడే. ఆ ఒక్కడూ రోజూ బరిలోకి దిగుతూ ఇసుకలో దాలినాయుడు అన్న మాట దాటుకుంటూ వెళ్ళేవాడు. ఎంత గాలివేసినా ఆ మూలన అక్షరాలు చెరిగేవి కావని చెప్పుకుంటారు.

చైత్రంలో ఆట జరిగింది. కొప్పెరవలస గెలిచింది! దాలినాయుడు ఉత్తి కడియం మనిషి కాదు, బాగానే నేర్పాడు. ఏడేళ్ళ దుమ్ము దులుపుకొని ఊరు చిందులు వేసింది. సూరప్పడిని భుజాల మీద ఊరేగించారు. పైనుంచి చూస్తే అతనికి బరి మూలన చీపురు పట్టుకొని, చేతులు పైకెత్తి అరుస్తున్న బంగారప్పడు కనిపించాడు. అందరికంటే ఎక్కువ సంతోషపడుతున్నవాడు అతనే. సూరప్పడికి భుజాల మీదనుంచి దూకి ఏట్లో మునిగిపోవాలనిపించింది. ఓడిపోయినా బాగుండేది. తప్పుకు శిక్ష పడిందని ఊరుకునేవాడు. గెలుపు దొంగ సొమ్ములా ఒంటికి అంటుకుంది.

జాతర నాడు మధ్యాహ్నం అతను ఇంటికి పోలేక మొగలి నీడలో ఒరిగాడు. మాగన్నుగా నిద్ర పట్టింది. పసుపు పారాణి పెట్టుకున్న చిన్నపిల్ల ఒకతె వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. కుడి గుప్పెట మూసి ఉంచి, రెండు తాటాకు చుట్టలున్న ఎడమ అరచెయ్యి అతని ముందుకు చాచింది.

"ఒకటి సదివి ఊరుకున్నావు. ఈ రెండూ ఎప్పుడు సదువుతావు?"

"వాటిల్లో ఏముంది తల్లీ?"

"నీకు తెల్దేటి?" అని ఆ పిల్ల జాలిగా చూసింది. కోపంగా చూసినా తట్టుకునేవాడు.

మెలకువ వచ్చేసరికి డప్పులు మోగుతున్నాయి. కొప్పెరవలస ఘటాలు ముందు వరసలో నిలబడ్డాయి. ఆడవాళ్ళ ముందు తొలి ఘటం మాత్రం గెలిచిన జట్టు పెద్దే ఎత్తాలి గనుక దాన్ని సూరప్పడి నెత్తిన పెట్టారు. ఊరేగింపు బరిని దాటి రాయి దగ్గరికి వెళ్ళాలి. అతను బరి మూల దాకా వచ్చి ఆగిపోయాడు. పాదాల ముందు అక్షరాలు. ఆ రోజు పండగని బంగారప్పడు వాటి చుట్టూ ముగ్గు కూడా పెట్టాడు.

"నడవరా! వెనక నీలాటిపేటోళ్ళు కాసుకునున్నారు," అని రామినాయుడు అదిలించాడు.

సూరప్పడు ఘటం దించి, ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తల ఎత్తకుండా మొత్తం చెప్పేశాడు. మూడు చీటీలూ, ఒకటే పేరూ, ఆ తర్వాత ఆడిన అబద్ధమూ. డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"గెలిచినరోజే పుట్టాలేట్రా నీకు బుద్ధి?" అని గంగులు నెత్తి కొట్టుకున్నాడు.

దాలినాయుడు ముందుకు వచ్చాడు. అతని ముఖం కందిపోయింది. "ఒక్కసారి రాస్తే నా పేరు రాదనుకున్నావా? వచ్చేదేమో. రాకపోయేదేమో. ఇంక నాకెలా తెలుస్తాది?" అని కడియం ఊడదీసి బరి బయట పెట్టి దూరంగా నిలబడ్డాడు.

బంగారప్పడు కుంటుకుంటూ వచ్చి ఆ ముగ్గు పక్కన కూర్చున్నాడు. ఆ అక్షరాలకేసి చూశాడు.

"సీటీ సంగతి తల్లితో సెప్పుకో అల్లుడూ. నాకు గురువు పని రాకపోతే పోనీ. మూడు నెలలబట్టి ఎవుడి పేరో నా పేరని నా సేత రాయించినావు. నా పెళ్ళానికి సూపించినాను, మనవలకి సూపించినాను. రెండాకులూ ఒక్కలాగున్నాయని నా కళ్ళు ఆ రోజే సెప్పినాయి. నా కళ్ళని నమ్మక నిన్ను నమ్మినాను."

సూరప్పడు అప్పుడు ఏడ్చాడు. అతను ఏడవడం ఊరు అంతకుముందు చూడలేదు. తర్వాత అరచేత్తో ఆ అక్షరాలు చెరిపి, బంగారప్పడి చూపుడువేలు పట్టుకొని, అదే ఇసుకలో, రెండూళ్ళ జనం చూస్తుండగా అసలు పేరు దిద్దించాడు. బంగారప్పడు వంగి చూశాడు.

"ఇదా నాది? కుదురుగానే ఉంది," అన్నాడు.

ఆ ఏడు కూడా కొప్పెరవలస వెనకే నడవాలని రామినాయుడే తీర్పు చెప్పాడు. నీలాటిపేటవాళ్ళు మాత్రం ముందుకు నడిచారేగాని ఎగతాళి చేయలేదు. పూజ అయ్యాక, అందరి ఎదుటా మళ్ళీ చీటీలు వేయాలన్నారు. ఈసారి నీలాటిపేట కరణం గంటం పట్టి, రాసిన ప్రతి పేరూ పైకి చదివి మరీ చుట్టాడు. అసిరయ్య ఒకటి తీసి విప్పబోతుంటే సూరప్పడు చేతులు జోడించాడు. "అది వద్దు. ముందు మిగిలినవి విప్పించండి. తల్లి అడిగినవి అవే."

కరణం మొదటిది విప్పాడు. నరసన్న.

రెండోది విప్పాడు. దాలినాయుడు.

ఇక గుప్పెట విప్పవలసిన పని లేదు. అయినా ఎవరూ కదల్లేదు. అసిరయ్య ఆ చీటీని అలాగే తీసుకువెళ్ళి బంగారప్పడి చేతిలో పెట్టాడు. అతను దాన్ని విప్పి, ఇసుకలో దిద్దిన పేరు పక్కన పెట్టి, ఒక్కొక్క అక్షరం మీదా వేలు ఆనించి చూసుకున్నాడు. అక్కడొకటి, ఇక్కడొకటి. చివరి అక్షరం దాకా వచ్చాక తలెత్తి, "ఒక్కలాగే ఉన్నాయి," అన్నాడు.

బంగారప్పడు గురువుగా ఉన్న పదకొండేళ్ళలో జట్టు ఆరుసార్లు గెలిచింది, అయిదుసార్లు ఓడింది. ఓడినప్పుడు గురువును తిట్టడం ఆ ఊరు మానుకుంది. బరి చదును చేసే పని సూరప్పడు అడిగి తీసుకొని, బతికినన్నాళ్ళూ చేశాడు. కలలో కనిపించిన చేతుల తీరు అతను చెప్పగా, పెద్దలు తల్లికి ఈ మూర్తిని చెక్కించారు.

నేటికీ వచ్చిన చీటీని పూజారి విప్పడు. ఎన్నికైన వ్యక్తే బరి మూలన కూర్చొని, తన పేరు ఇసుకలో రాసి, చీటీ పక్కన పెట్టి సరిచూసుకోవాలి. పిల్లలకు అక్షరాభ్యాసం కూడా ఈ ఇసుకలోనే చేయిస్తారు. మొదట దిద్దించేది ఎవరి పేరు వారిదే. గొంతులో అబద్ధం ఇరుక్కొని అన్నం సహించనివారు మాఘమాసంలో ఇక్కడికి వచ్చి, ఎవరికి అన్యాయం చేశారో వారి పేరు ఇసుకలో రాసి చెప్పుకుంటే, తల్లి ఆ బరువు దించుతుందని నమ్మకం.

సూరప్పడి వంశంవారు మాత్రం ఈ గుడిలో చీటీలు ముట్టరు. జాతరలో ఊరు గెలిచినా ఓడినా, వారి ఇంటినుంచి ఒకరు ఖాళీ కుండ నెత్తిన పెట్టుకొని అందరికంటే వెనక, తల వంచుకొని నడుస్తారు. వారిని చూసి ఎవరూ నవ్వరు. ఊరేగింపు గుడి చేరాక ఆ కుండతోనే ఏటినుంచి నీళ్ళు తెచ్చి బరి తడుపుతారు. ఆ తర్వాతే మరుసటి ఏడాది ఆటకు గీతలు గీస్తారు.