కొవ్వు తీయని తునకలు

ఓబయ్య తాతను ఎవరైనా ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఏదో ఒక పని పురమాయించేవాడు. అడిగినవాడు ఆ పనిలో పడి ప్రశ్నే మరిచిపోతే, వాడికి జవాబు దొరికిందనేవాడు. మరిచిపోలేనివాళ్ళను చూస్తే ఆయనకు జాలి. ఆ జాలిలో పెద్దవాటా మద్దిలేటిది.

నల్లమల అంచున ఉన్న ఆ బోయపల్లెకు మద్దిలేటి శిష్యుడిగా వచ్చి తొమ్మిదేళ్ళయింది. తాత పాడే తత్వాలు, చెప్పే మాటలు, తిట్టే తిట్లు, ఆఖరికి పక్కింటి మేకను అదిలించిన అదిలింపులు కూడా వదలకుండా పుస్తకాల్లోకి ఎక్కించాడు. తాత హాస్యమాడితే మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. మద్దిలేటి ముందు రాసుకుని, సిరా ఆరాక నవ్వేవాడు. రాసి రాసి వేలు కాయ కాసింది, నడుం వంగింది, ముప్పై రెండేళ్ళకే ముసలి అలసట పట్టుకుంది. అయినా మానలేదు. ఆ ఏడు తాతకు దగ్గు పట్టుకుని ఎంతకీ వదలడం లేదు. నాటువైద్యుడు నాడి చూసి, ముసురు దాటితే చూద్దామని గడప దగ్గర గొణిగి వెళ్ళిపోయాడు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి మద్దిలేటికి కంటిమీద కునుకు లేదు.

ఒక ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు.

"సామీ, మీరు పోయినాక మాకేం మిగుల్తాది? మీరు చెప్పినవాట్లో ఏది దాచుకోవాల?"

వసారాలో మంచంమీద ఉన్న తాత అతనివైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఓపికా లేదు.

"ముందు మా సుంకమ్మకు మాంసం దాచిపెట్టు పో," అన్నాడు.

సుంకమ్మ తాత కూతురు. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చి, తండ్రికీ, తండ్రి కోసం వచ్చేపోయేవాళ్ళకీ వండి వార్చడంలోనే సగం వయసు కరిగించింది. వేదాంతం అంటే ఆమె దృష్టిలో మరో నాలుగు విస్తళ్ళు. ఆ రోజే తెల్లవారుజామున, విత్తిన వేరుశనగను తవ్విపోస్తున్న అడవిపందిని పల్లెవాళ్ళు కొట్టారు. వేటకు ఇంకా అడ్డూ ఆపూ లేని కాలం అది. ఆనవాయితీ ప్రకారం ఇంటింటికీ వాటా వేసి, పెద్దాయన ఇంటికి ఒక తొడ పంపించారు. దానిమీద కొవ్వు అరచేతి మందాన ఉంది. ముసురు పట్టిందంటే పల్లె చుట్టూ వంకలు పొంగి, నెల్లాళ్ళు ఎవరూ ఎటూ కదలలేరు. పెరట్లోని కూరగాయలు అయిపోయాక ఆ ఇంట్లో కూర అంటే కుండలో దాచిన ఎండు తునకలే.

సుంకమ్మ కత్తిపీట వేసి పని చూపించింది. కండను వేలెడు మందాన, మూరెడు పొడవున చీల్చాలి. ఉప్పు, పసుపు, కారం పట్టించి, పొయ్యిమీద కట్టిన దండేనికి వేలాడదీయాలి. కింద మంట లేవకూడదు, పొగ ఆరకూడదు.

"కొవ్వు మాత్రం రవ్వంత కూడా ఉంచొద్దప్పా. అంతా చెక్కి ఈ ముంతలో వెయ్యి, సందకాడ వేంచి నాయనకు పెడ్తా. కొవ్వు పూటకు, కండ కాలానికి. మా వేటగాళ్ళ మాట ఇది. నీ పుస్తకంలో ఉందో లేదో మరి," అని చెప్పి, మిగిలిన విత్తనం వేసి రావడానికి ఆమె చేనికి వెళ్ళిపోయింది.

మద్దిలేటి కోయడం మొదలుపెట్టాడు. మొదటి నాలుగు తునకలకు చెప్పినట్టే కొవ్వు చెక్కాడు. ఐదోదాని దగ్గర చెయ్యి ఆగింది. పంది కొవ్వంటే తాతకు ప్రాణమని అతనికి తెలుసు. ముంతలో వేస్తే ఒక్కపూటలో అయిపోతుంది. అదే దాచితే, రేపు ముసుర్లో ఏదీ నోటికి సహించని రోజున, ఈ రుచి తాత నాలుకకు తగిలితే ఎంత బాగుంటుంది! లేచి కూర్చుంటాడేమో కూడా. ఆ ఆలోచన రావడమే తడవు, మంచి మంచి ముక్కలన్నిటికీ కొవ్వు అలాగే ఉంచేశాడు. వాటిని దండెం చివర, పొగ దట్టంగా పట్టే మూలన వేలాడదీశాడు. తప్పు చేస్తున్నానన్న బెరుకు అతనికి ఏ కోశానా లేదు. తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పనే కదా ఇది.

సాయంత్రం సుంకమ్మ ముంతలోకి తొంగిచూసింది.

"ఇంతేనా? ఈ పంది మనకన్నా బక్కదా ఏంది?"

మద్దిలేటి నిప్పు ఊదుతున్నట్టు తల వంచుకున్నాడు. ఆ కాస్త కొవ్వూ మూకుడుకు అంటుకోవడానికే చాలలేదు. ఆ పూట తాత సంగటి ముద్దను ఉత్త కారంలో అద్దుకుని, రెండుసార్లు నోట పెట్టుకుని, ఇక చాలని చెయ్యి కడిగేసుకున్నాడు.

తరవాత మూడు పగళ్ళు మద్దిలేటికి పొగే లోకమైంది. చండ్రచెట్టు మొద్దు రాజేయడం, మంట లేచినప్పుడల్లా తడిపిన కొర్రపొట్టు చల్లి అణచడం, తునకలను ఒక్కొక్కటే తిరగేయడం. కళ్ళు చింతనిప్పులయ్యాయి. గొంతు మండిపోయింది. నిలబడితే తూలుతున్నాడు, కూర్చుంటే నిద్ర ముంచుకొస్తోంది. తన ప్రశ్న మాత్రం మరిచిపోలేదు. మూడోనాటికి తునకలు వంచితే తోలులా వంగి, వంగినచోట సన్నగా చీలడం మొదలైంది. వాటిని కొత్త కుండలో సర్దాడు. వట్టి కండ తునకలు అడుగున పెట్టాడు, కొవ్వువి మధ్యలో దాచాడు, పైన మళ్ళీ కొన్ని కండవి పరిచాడు. మూతికి గుడ్డ కట్టాడు.

ముసురు పట్టింది. వంకలు పొంగాయి. పెరట్లోని కూరగాయలు, ఆకులు అయిపోయేసరికి పదహారు రోజులు గడిచాయి. అప్పటికి తాత తిండి గంజినీళ్ళకు వచ్చింది, అదీ రెండు గుక్కలు. పదిహేడో రోజు మద్దిలేటి పెళ్ళికి వెళ్తున్నంత సంబరంగా కుండ దించి గుడ్డ విప్పాడు. విప్పీ విప్పగానే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పాత నూనె కంపు గుప్పున కొట్టింది. మధ్యలో కొవ్వు పసుప్పచ్చగా మారి, జిడ్డు కారి, తన చుట్టూ ఉన్న మంచి తునకలను కూడా పాడుచేసింది. పైన పరిచిన వట్టి కండవి గుప్పెడు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

వాసనకు సుంకమ్మ వచ్చింది. ఒక తునక తీసి చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. తిట్టే ఓపిక కూడా లేక పొయ్యి పక్కన చతికిలబడింది.

"మాటలు మూటగట్టేటోళ్ళకు మాంసం ఇచ్చినా చూడు, నన్ననుకోవాల," అంది. కాసేపటికి లేచి, మంచివి ఏరడం మొదలుపెట్టింది.

మద్దిలేటి చెడిపోయిన తునక ఒకటి పట్టుకుని వసారాలోకి వెళ్ళి, మంచం పట్టెమీద తల ఆనించి ఏడ్చాడు. తొమ్మిదేళ్ళలో అతను తాత ముందు ఏడవడం అదే మొదలు. ముసురంతా ఈ ఇల్లు ఏం తింటుందన్న దిగులు ఒకటి, గురువు చివరి రోజులకు దాచిన రుచి కుళ్ళిపోయిందన్న బాధ ఒకటి. వెక్కుతూనే జరిగిందంతా చెప్పేశాడు.

తాత ఆ తునకను చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. దగ్గు తగ్గాక చాలాసేపు ఆయాసపడ్డాడు. తరవాత శిష్యుడి తలమీద చెయ్యి వేశాడు. ఆ చేతికి బరువే లేదు.

"నాకోసరమే దాచినావా?"

"అవును సామీ. మీకోసరమే."

"ఆ పొద్దే పెట్టింటే తినింటి కదరా, మద్దిలేటీ," అన్నాడు తాత. "ఆ పొద్దు నాకు శానా ఆకలిగా ఉండె."