పాత కొసలు

ఒక్క ఫైలు కూడా పోలేదు. మస్తాన్‌వలి కష్టమంతా అక్కడే ఉంది. పోయి ఉంటే పోయాయని చెప్పి, నాలుగు తిట్లు తిని, తల వంచుకుని ఇంటికి వచ్చేవాడు. మాస్టారి ఫైళ్లు మొత్తం కొత్త కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి. తెరిస్తే మాత్రం ఒక్క తెలుగు అక్షరం కనబడదు. పేజీలకు పేజీలు ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు, బ్రాకెట్లు. పిల్లి కీబోర్డు మీద నడిచిపోయినట్టు ఉంటుంది.

మూడు ఆదివారాలుగా అతను మాస్టారింటికి వెళ్లలేదు. ఒంట్లో బాగాలేదని ఒకసారి, ఆఫీసులో పని ఉందని ఒకసారి ఫోన్లో చెప్పాడు. మూడోసారి ఏ అబద్ధమూ తోచక ఫోనే చెయ్యలేదు.

మస్తాన్‌వలి చీరాల దగ్గర ఒక పోస్టాఫీసులో గుమాస్తా. నలభై నాలుగేళ్లుంటాయి. ఉద్యోగం ఉత్తరాల మధ్య చేస్తున్నా ప్రాణమంతా కంప్యూటర్ల మీదే. ఆ డబ్బాలో అతనికి అభిప్రాయం లేని వస్తువు లేదు. ర్యామ్ ఒక పెద్ద ముక్క కంటే రెండు చిన్న ముక్కలు పెడితే మేలంటాడు. కరెంటు పెట్టె దగ్గర కక్కుర్తి పడేవాడు బాగుపడడంటాడు. యాంటీవైరస్ కొనడం మూఢనమ్మకమంటాడు. ఇలాంటివాళ్లే నలభై మంది కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. పొద్దున లేచింది మొదలు ఒకరి అభిప్రాయాన్ని ఒకరు ఖండించుకోవడం వాళ్ల కాలక్షేపం.

ఆ అభిప్రాయాలన్నిటిలోకీ గట్టిది ఒకటుంది. పాతదాని మీద కొత్తది ఎక్కించకూడదు. పాతది ఆనవాలు లేకుండా తుడిచేసి, మొదటినుంచీ కొత్తగా ఎక్కించాలి. దాన్నే క్లీన్ ఇన్‌స్టాల్ అంటారు. పాత చెత్త ఇసుమంత మిగిలినా కొత్తదాన్ని పాడుచేస్తుందని గ్రూపులో లెక్కలేనన్నిసార్లు రాశాడు. ఎవరైనా కాదంటే ఆ పూట అతనికి అన్నం సహించేది కాదు.

భావనారాయణ మాస్టారు ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. మస్తాన్‌వలి పదిహేడేళ్ల వయసులో ఆయన దగ్గర ఇంగ్లీషు టైపు హయ్యర్ పరీక్ష పాసయ్యాడు. ఉద్యోగం దాంతోనే వచ్చింది. అప్పటినుంచీ ఆదివారం వస్తే మాస్టారింటికి వెళ్లి కూర్చోవడం అలవాటు. పాఠాలు ఎప్పుడో అయిపోయాయి గానీ శిష్యరికం అయిపోలేదు. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఇంగ్లీషు మిషన్లన్నీ ఒక్కొక్కటే ఎవరో పట్టుకుపోయారు. తెలుగు మిషను ఒక్కటి ఎవరికీ అక్కర్లేక, వరండా మూల దుప్పటి కప్పుకుని ఉండిపోయింది.

మాస్టారిది మగ్గం నేసే ఇల్లు. తండ్రీ తాతా నేసినవాళ్లే. ఈయన చేతికి మాత్రం పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె బదులు టైపు మీటలు వచ్చాయి. ఆ వెలితి మనసులో ఉండిపోయిందేమో, అరవై దాటాక పదకొండేళ్లు చుట్టుపక్కల నేతపేటలన్నీ తిరిగి, ముసలివాళ్ల నోళ్లలో మిగిలిన పనిమాటల్ని ఏరుకొచ్చారు. ఏ మాట ఎవరు చెప్పారో, ఏ పనికి వాడతారో చీటీల మీద రాసుకొచ్చి, కంప్యూటర్లో టైపు చేసి, చీటీల్ని పొయ్యిలో వేసేవారు. ఆ చెప్పినవాళ్లలో ఇప్పుడు ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ లేరు. అదంతా ఒక పుస్తకంగా వస్తే చేత్తో పట్టుకుని చూడాలన్నది ఆయన కోరిక. అంతకుమించి ఆయన దేన్నీ కోరుకోగా మస్తాన్‌వలి ఎరగడు.

ఆ పనంతా చేసింది ఇరవయ్యేళ్లనాటి డబ్బా. దాన్ని ఆన్ చేసి స్నానానికి వెళ్లొస్తే సరిగ్గా అప్పటికి లేచేది. వెనక ప్రింటరు తగిలించే చోట బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క బిగించి ఉండేది. దాన్ని లాక్ అనేవాళ్లు. అది ఉంటేనే ఆ తెలుగు సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుంది, దాంట్లోనే ఆ తెలుగు అక్షరాలు కనబడతాయి. అమ్మిన కంపెనీ ఎప్పుడో ఎత్తేశారు. ప్రింటరు అంతకుముందే మూలపడింది.

మాస్టారికి డెబ్బై నాలుగు నిండిన రోజున మస్తాన్‌వలి తన చేతులతో కూర్చిన కొత్త కంప్యూటరు తెచ్చాడు. ఉన్నది పనిచేస్తోంది కదయ్యా అని మాస్టారు అన్నారు. పనిచెయ్యడం వేరు, సరిగ్గా పనిచెయ్యడం వేరు అంటూ మస్తాన్‌వలి మొదలుపెట్టాడు. పాత డిస్కు ఇవాళో రేపో చస్తుందన్నాడు. ఫ్యాను చప్పుడు విన్నారా అన్నాడు. ఇప్పుడు తెలుగు అక్షరాలు ఊరికే వస్తున్నాయి, ఏ లాకులూ అక్కర్లేదన్నాడు. ముప్పావుగంట విన్నాక మాస్టారు సరే, నీ ఇష్టం అన్నారు. అది ఒప్పుకోవడం కాదు, అలిసిపోవడం. ఆ తేడా అప్పుడు మస్తాన్‌వలికి తెలియలేదు.

ఫైళ్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి, తనకూ ఒక నకలు తీసుకున్నాడు. ఒక్కటీ తప్పిపోలేదని రెండుసార్లు సరిచూశాడు. తెరిచి చూడాలని మాత్రం తోచలేదు. వీధిలో పాత ఇనుప సామాన్ల బండి వెళ్తుంటే పిలిచి, డిస్కుతో సహా పాత డబ్బాని అందులో పెట్టేశాడు. కొత్త కంప్యూటరు ఫొటో తీసి గ్రూపులో పెడితే ముప్ఫై ఎనిమిది మంది మెచ్చుకున్నారు.

మర్నాడు మాస్టారు ఫోన్ చేశారు. "వలీ, కళ్లజోడు మార్చాలేమో. అక్షరాలు ఆనడం లేదు" అన్నారు.

ఇంట్లో తన దగ్గరున్న నకలు తెరిచి చూసుకున్నాక మస్తాన్‌వలికి తప్పు కళ్లజోడుది కాదని తెలిసింది.

పాత సామాన్ల కొట్టుకి పరుగెత్తాడు. అప్పటికే డబ్బా ముక్కలై లారీ ఎక్కింది. ఆ అక్షరాల కోసం కనబడిన చోటల్లా వెతికాడు. ఒక చోట దొరికిన ఫాంటు దీనికి అతకలేదు. ఇంకో చోట పాత తెలుగుని కొత్త తెలుగు చేసే ప్రోగ్రాము దొరికింది. అందులో పెడితే ఒత్తులు ఒక దిక్కు, గుణింతాలు ఒక దిక్కు అయ్యాయి. సిగ్గు విడిచి గ్రూపులో అడిగాడు. నలభై మందీ నలభై అభిప్రాయాలు చెప్పారు. ఒకాయన మాత్రం, పాతది ఆనవాలు లేకుండా తుడిచెయ్యాలని చెప్పింది మీరే కదండీ అని రాశాడు. ఎగతాళికి రాసినట్టు లేదు, నిజంగానే అడిగినట్టుంది.

అతను అలిసిపోయాడు. పని చేసి అలిసినట్టు కాదు. ఇన్నేళ్లు వాగిందంతా ఒక్కసారి వెనక్కి వచ్చి మీద పడ్డట్టు అలిసిపోయాడు. జీవితంలో మొదటిసారి కంప్యూటరు మొహం చూడబుద్ధి కాలేదు.

నాలుగో ఆదివారం మధ్యాహ్నం మాస్టారింటికి వెళ్లాడు.

మాస్టారు వరండాలో కుర్చీలో కూర్చుని మెటికలు విరుచుకుంటున్నారు. కూర్చోమన్నా మస్తాన్‌వలి కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. లాకు సంగతి, సామాన్ల బండి సంగతి, తెరిచి చూడకపోవడం, మూడు వారాల అబద్ధాలు, ఏదీ దాచలేదు. చెప్పడం అయిపోయాక తిడతారేమోనని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది.

మాస్టారు కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"అయితే కళ్లజోడు బాగానే ఉందన్నమాట."

మొహంలో కోపం లేదు. రైలు తప్పిపోయాక బెంచీ మీద కూర్చున్న మనిషిలా ఉన్నారు. మస్తాన్‌వలి, ఎవరో ఒక ఇంజనీరు ఉన్నాడని, అతన్ని అడిగితే ఏదైనా దారి చూపిస్తాడని మొదలుపెట్టబోయాడు. మాస్టారు చెయ్యెత్తి ఆపారు. వరండాలోనే ఉన్న కొత్త కంప్యూటరు పెట్టమన్నారు. మొదటి ఫైల్లో నాలుగో పేజీ తియ్యమన్నారు.

"చదువు."

"చదవడానికేం లేదండీ. అంతా చెత్త."

"ఆ చెత్తే చదువు."

మస్తాన్‌వలి తెరకేసి చూస్తూ చదివాడు. చిన్న జె. పెద్ద కె. సెమీకోలన్. చిన్న డి. చదువుతుంటే నోటికే సిగ్గేసింది. నాలుగు వరసలు అయ్యాక తిరిగి చూశాడు. మాస్టారు కళ్లు మూసుకుని ఉన్నారు. కుర్చీ చేతి మీద ఆయన వేళ్లు వాటంతటవి కదులుతున్నాయి.

మాస్టారు మెల్లగా లేచారు. మూలకు వెళ్లి తెలుగు మిషను మీద దుప్పటి తీశారు. దుమ్ము దులిపి, అక్షరాలు అరిగి చెరిగిపోయిన మీటల్ని తడిమి, కాగితం ఎక్కించి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మొదటినుంచీ. నెమ్మదిగా."

మస్తాన్‌వలికి అప్పుడు అర్థమైంది. ఆ పాత సాఫ్ట్‌వేరు తెలుగు టైపు మిషను మీటల వరసనే పెట్టుకుంది. కీబోర్డు మీద ఏ మీట నొక్కితే ఆ మీట మీదున్న ఇంగ్లీషు అక్షరమే ఫైల్లో పడుతుంది. కళ్లకు కనబడేది పైన తొడిగిన తెలుగు బొమ్మ. ఆ తొడుగు ఇప్పుడు లేదు. మీటలు మాత్రం అలాగే ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరం పేరు వింటే మాస్టారి వేలు ఆ చోటికే పోతుంది.

ఒక్క క్షణం అతనికి పాత ప్రాణం లేచొచ్చింది. ఏ మీటకు ఏ అక్షరమో చెప్పేస్తే రాసుకుంటానన్నాడు. ఒక చిన్న ప్రోగ్రాము రాస్తే పూటలో మొత్తం తెలుగులోకి వచ్చేస్తుందన్నాడు. ముందు క ఏ మీటో చెప్పండి అన్నాడు.

మాస్టారు ఆలోచించారు. కుడిచెయ్యి కొంచెం పైకెత్తి, మళ్లీ దింపారు.

"ఏమో. వేలికి తెలుసు" అన్నారు.

మస్తాన్‌వలి మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. పెద్ద కె అంటే ఒక దెబ్బ. సెమీకోలన్ అంటే ఒక దెబ్బ. రిబ్బను ఎండిపోయి ఉంది. అక్షరాలు బూడిదరంగులో, సగం సగం పడుతున్నాయి. రెండు వరసలకు ఒకసారి మాస్టారు ఆగి, వేళ్లు చంకల్లో పెట్టుకుని నొక్కుకుంటున్నారు. ఇది చూడలేక మస్తాన్‌వలి మనసులో లెక్కేసుకున్నాడు. నాలుగు వందల పేజీలకు పైనే ఉంది.

"ఆదివారానికో పేజీ అయితే ఎనిమిదేళ్లు పడుతుంది మాస్టారూ."

"రాయడానికి పదకొండు పట్టింది" అన్నారు మాస్టారు.

ఎండ వరండాలోంచి మెట్ల మీదికి దిగింది. లోపల్నుంచి టీ వచ్చింది, చల్లారిపోయింది. మస్తాన్‌వలి గొంతు బొంగురుపోయింది. చదివి చదివి అతను ఇక దేని గురించీ ఆలోచించడం లేదు. చిన్న జె కనబడితే చిన్న జె అంటున్నాడు, అంతే.

కాగితం నిండగానే మాస్టారు దాన్ని లాగి, చదువుకోమని చేతికిచ్చారు. మస్తాన్‌వలి వెలుతురు వైపు తిప్పుకున్నాడు.

'అతకడం: పడుగు నేయడం అయిపోయినప్పుడు నిలువు పోగుల్ని మొత్తం కొయ్యరు. పోగుల్ని వరసగా నిలబెట్టే దువ్వెనలాంటి చట్రంలో మూరెడు పాత కొసలు ఉంచుతారు. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా ఆ కొసలకు మెలిపెట్టి కలుపుతారు. అప్పుడు పాతది లాగితే కొత్తది దానంతటదే దారిలోకి వస్తుంది. తెలియక కొసలు కోసేసినవాడు మగ్గం ముందు కూర్చుని, ప్రతి పోగునూ మొదటినుంచీ దారి పట్టించుకోవాలి. రెండు రోజుల పని. కళ్లు లాగుతాయి. బట్ట మాత్రం పాడవదు. చెప్పినవారు: జూటూరి రాఘవమ్మ, వయసు ఎనభై పైన.'

అతను రెండోసారి చదివాడు. 'తెలియక' అన్న మాట దగ్గర కొంచెం ఆగాడు. ఇన్నేళ్లుగా తన అభిప్రాయాలు ఎక్కడ మొదలైనా ఎక్కడ ముగిసినా, తెలియక అన్న మాట వాటిలో ఒక్కసారీ పడలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగితే తుడుచుకోలేదు.

జేబులో ఆఫీసు కవరు ఒకటుంది. దాన్ని చింపి విప్పి, వెనకవైపు మధ్యలో ఒక గీత గీశాడు. గీతకు ఎడమవైపు చిన్న జె అని రాశాడు. తెర చూసి, మాస్టారు కొట్టిన కాగితం చూసి, వేలితో లెక్కపెట్టుకుంటూ ఆ అక్షరానికి ఎదురుగా పడిన తెలుగు ముక్క ఏదో పట్టుకున్నాడు. దాన్ని కుడివైపు రాశాడు. కింద పెద్ద కె రాశాడు. దాని జతను వెతికి రాశాడు. మాస్టారు అటు చూశారు.

మిషన్లో కొత్త కాగితం ఎక్కించి, వేళ్లు మీటల మీద ఆనించి కూర్చున్నారు.

"తర్వాతి పోగు చెప్పు, వలీ."