అంకయ్య ఇంటి తరగని కట్టె

ముళ్ళపాడులో తెలివి ఎక్కడుందని ఎవరైనా అడిగితే అంకయ్య తన ఇంటి గడప చూపిస్తాడు. ఊళ్ళోవాళ్ళు కూడా ఆ గడపే చూపిస్తారు గానీ, నవ్వు ఆపుకుంటూ చూపిస్తారు. ఆ తేడా అంకయ్యకి ఏనాడూ తెలియలేదు. తెలిస్తే అంకయ్య ఎందుకవుతాడు?

ఆ ఇంట్లో ముగ్గురన్నదమ్ములు. పెద్దోడు అంకయ్య, నడిపోడు పోలయ్య, చిన్నోడు నాసరయ్య. అంకయ్య పెళ్ళాం మస్తానమ్మ. కాపురానికొచ్చినప్పుడు ఆవిడ బాగానే ఉండేది. ఆర్నెల్లు ఆ ఇంటి నీళ్ళు తాగింది. అంతే.

వాళ్ళ నాన్న పోయేముందు కొడుకుల్ని పిలిచి, "ఎప్పుడూ మాట మీద నిలబడండిరా" అన్నాడు. ఇంకేముంది, పలక తెచ్చారు, దాని మీద 'మాట' అని రాశారు, ముగ్గురూ ఎక్కి నిలబడ్డారు. పలక ఫట్టుమంది. "చూశార్రా, నాన్న మాట మనల్ని మొయ్యలేకపోయింది" అన్నాడు అంకయ్య. ముసలాయన కళ్ళు మూసేశాడు. అంతకుమించి చూడ్డం ఆయన వల్ల కాలేదు.

ఆ ఏడు పత్తితీతలు అయిపోయాక ఊరికి ఒక అధికారిణి వచ్చింది. పది కిలోమీటర్ల అవతల కట్టే, ఊకా మండించి కరెంటు తీసే ఫ్యాక్టరీ ఒకటి కొత్తగా లేచింది. దాని సంగతి చెప్పడానికి అందర్నీ పంచాయతీ ఆఫీసు ముందు కూర్చోబెట్టింది.

"బొగ్గు తవ్వుకుంటూ పోతే ఒకనాటికి తరిగిపోతుంది. మీ పత్తికట్టె అలా కాదు, ఏటా పండుతుంది. అది తరగని ఇంధనం. ఇకమీదట తరగని ఇంధనానికే సర్కారు పెద్దపీట వేస్తుంది. కాబట్టి కట్టెని పొలంలో తగలబెట్టకండి. మట్టి లేకుండా, ఎండినది తెండి. శుక్రవారం నమూనాకి ఒక్క లోడు తోలండి. అది బాగుంటే మీ కట్టె అంతా ఏటా తీసుకుంటారు. మీ బోర్లకి పగటిపూట కరెంటు లైను కూడా ఇస్తారు."

పగటిపూట కరెంటు! జనం నోళ్ళు తెరిచారు. రాత్రిళ్ళు పాముల మధ్య బ్యాటరీ లైటు పట్టుకుని మోటార్లు వేసే బాధ తీరుతుంది. కానీ లోడు తోలేదెవరు? ఊళ్ళో ఉన్నవి రెండు ట్రాక్టర్లు. ఒకదాని ఇంజను విప్పి ఉంది. రెండోది అంకయ్యది. అంకయ్య రెండు చేతులూ ఎత్తాడు.

సర్పంచి గురవమ్మ గుండె జారిపోయింది. "అంకయ్యా, నీ తెలివి వాడొద్దు నాయనా. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెయ్యి, చాలు" అని బతిమాలింది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అంకయ్య ఇంటికొచ్చి అరుగెక్కాడు. రేపు ఊరంతా తనకి దండ వేస్తున్నట్టు అప్పుడే కళ్ళకి కట్టింది. "ఏం కావాలంది సర్కారు? తరగని కట్టె. అంటే తరక్కూడదు. కత్తి తగిలిందో, కట్టె చెడిందన్నమాటే."

"అంతేగా మరి!" అన్నాడు పోలయ్య. "వంకాయలంటే తరుగుతారు గానీ, కరెంటుని ఎవడన్నా తరుగుతాడా?"

గురవమ్మ పాపం కట్టె ముక్కలు చేసే మిషను పంపింది. అంకయ్య కర్ర తీసుకుని దాన్ని తెచ్చినవాణ్ణి ఊరి చివరిదాకా తరిమాడు. ముగ్గురూ చేలో దిగి మొక్కలు మొక్కలుగా వేళ్ళతో సహా పీకారు. వేళ్ళతో పీకితే ఏమవుతుంది? గంపెడు మట్టి వచ్చింది.

"అయ్యో, మట్టి లేకుండా తెమ్మంది కదా!" అని మస్తానమ్మ గుర్తుచేసింది. అంతే, కట్టె అంతా కాలవకి మోశారు. సబ్బు తెచ్చారు, పీచు తెచ్చారు. ఒక్కో మొక్కనీ కూర్చోబెట్టి తోమారు.

"అన్నా, చెవుల వెనక కూడా తోమనా?" అని అడిగాడు నాసరయ్య.

"దానికి చెవులెక్కడున్నాయిరా?"

"కనపడకే అడుగుతున్నా."

సాయంత్రానికి కట్టె తళతళలాడింది. కాకపోతే నీళ్ళు కారుతోంది. అధికారిణేమో ఎండినది తెమ్మంది. తెల్లారితే గురువారం. ఎండకి ఆరేదాకా ఆగే ఓపిక ఆ ఇంట్లో ఎవరికుంది? గురువారం పొద్దున్నే పోలయ్య అగ్గిపెట్టె తెచ్చాడు. "మంట వేసి ఆరబెడదాం."

"ఒరే, తగలబెట్టొద్దంది కదరా!" అంది మస్తానమ్మ.

"పొలంలో వద్దంది వదినా. పెరట్లో వద్దందా?"

అంకయ్య తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు. ఇంత తెలివి ఒక్క ఇంట్లోనే ఉంటే దిష్టి తగులుతుందేమోనని భయం కూడా వేసింది. ఇంకేముంది, గడ్డివామి పక్కనే మంట వేశారు. గాలి తిరిగింది. వామి అంటుకుంది, వామి నుంచి కొట్టం అంటుకుంది. గేదె పలుపు తెంపుకుని పక్కూరికి పరిగెత్తింది. దాని బుర్రే ఆ ఇంట్లో కాస్త పనిచేసేది. నాసరయ్య బిందెడు నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. "అన్నా, ఇవి తాగే నీళ్ళు! పొయ్యొచ్చా?" అతనికి జవాబు దొరికేసరికి ఊరివాళ్ళే వచ్చి ఆర్పిపోయారు.

బూడిదైన వామి చుట్టూ అంకయ్య ఒకసారి తిరిగొచ్చాడు. ఏడాది మేత అది. కానీ సగం కట్టె మిగిలింది, అది పైపైన ఆరింది కూడా. గుండె గట్టి చేసుకున్నాడు. "గొప్ప పనికి ఆ మాత్రం ఖర్చవుతుంది" అని మీసం సవరించుకున్నాడు. సగం మీసం కూడా కాలిపోయిందని అప్పుడు తెలిసింది.

శుక్రవారం బండి కట్టారు. ముందు మస్తానమ్మ తన పెళ్ళిపీట తెచ్చి ట్రక్కులో వేసింది. సర్కారు పెద్దపీట వేస్తానంది కదా, వాళ్ళకి లేకపోతే నామర్దా అని. దాని మీద కట్టె పేర్చారు. నిలువెత్తు కట్టె, ముక్క చెయ్యనిది, అడ్డదిడ్డంగా కొమ్మలు. లోడు ఇంటి కప్పు దాటింది. ట్రాక్టరు నడివీధిలోకి వచ్చేసరికి కొమ్మలు కరెంటు తీగల్ని పట్టుకున్నాయి. అంకయ్య ఇంకాస్త జోరు పెంచాడు. అంతే! ఫట్‌ఫట్‌మని నిప్పులు రాలాయి, స్తంభం పక్కకి ఒరిగింది, ఊళ్ళో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి.

గురవమ్మ జుట్టు ముడేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "ఓరి నీ మొహం మండా! ఉన్న కరెంటు కూడా పీకేశావు కదరా!"

"పోనీ అత్తా, అది పాతది" అన్నాడు అంకయ్య చల్లగా. "కొత్తది తేవడానికేగా పోతున్నాం."

ఫ్యాక్టరీ గేటు దగ్గర కాటా గుమాస్తా నాగభూషణం లోడుని చుట్టూ తిరిగి చూశాడు. తీగలు వేలాడుతున్నాయి. లోపల తడి. సబ్బు వాసన. అడుగున పెళ్ళిపీట.

"ఏంటయ్యా ఇది?"

అంకయ్య మొదట్నించీ చెప్పాడు, ఒక్కటీ దాచకుండా, గర్వంగా. నాగభూషణం మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

"తరగని అంటే అయిపోనిది అని! ముక్కలు చెయ్యమని మీ సర్పంచి మిషను పంపినా ఇదా తెచ్చేది? పొద్దున్నే పక్కూరి లోడు వచ్చింది, లైను వాళ్ళకి రాసేశాం. మీరు వెనక్కి పొండి!"

అంకయ్య నాగభూషణానికి అడ్డం పడ్డాడు. ఊళ్ళోకి ఏ మొహం పెట్టుకుని పోవాలి? చేతులు జోడించాడు. "బాబ్బాబూ, కట్టె వద్దంటే పోనీ. ఇంకేం తీసుకుంటారో చెప్పండి, తెస్తాం."

"ఊక తీసుకుంటాం. ఎండు ఊక ఎంతున్నా తీసుకుంటాం."

"మేం పత్తి రైతులం. మా దగ్గర ఊకెక్కడిది?"

నాగభూషణానికి ఒళ్ళు మండిపోయింది. "లేకపోవడమేంటయ్యా? మీ తలకాయల నిండా ఉన్నది ఊకేగా!"

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అంకయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళుగా మోసుకు తిరుగుతున్నారు, ఊళ్ళో ఒక్కడన్నా చెప్పాడా? తల ఒకసారి ఊపి చూసుకున్నాడు. "ఎండిందేరా! తడి లేదు!" అని కేకేసి, బస్తాలు తూచే కాటా మీద తల ఆనించి పడుకున్నాడు.

"తూచండి బాబూ!"

"టన్ను లేందే దించుకోం, పోవయ్యా!" అని తలుపు వేసుకున్నాడు నాగభూషణం.

"విన్నావా పోలయ్యా? టన్ను కావాలంట. కట్టె పారబోసి, ట్రాక్టరు తీసుకెళ్ళి మన చుట్టాలందర్నీ ఎక్కించుకురా!"

మధ్యాహ్నానికి ట్రాక్టరు తిరిగొచ్చింది. బాబాయిలు, మేనత్తలు, వియ్యంకులు, మొత్తం ఇరవైరెండు మంది. ముందు వరసలో మస్తానమ్మ. "ఏమయ్యో! మా పుట్టింటివాళ్ళని కూడా తెచ్చా! మాది మేలురకం ఊక, మీ దాంట్లో కలపొద్దని చెప్పు!"

కాటా మీంచి తల ఎత్తకుండానే అంకయ్య గదమాయించాడు. "గొడవ పడకండి! బుర్రలు కదిలిస్తే ఊక ఒలికిపోతుంది!"