అమ్మవారి పడవలు

వినయానందస్వామివారికి వాదన అంటే గిట్టదు. ధర్మసందేహం అడిగినవాడికి ఏదో ఊరి కబురు చెప్పి లేచిపోతారు. అర్థం చేసుకోవడం విన్నవాడి పాట్లు. ఆ రోజు పంచాయతీవాళ్ళు వచ్చి, మఠం సత్రానికి పన్ను కట్టమని అడిగి వెళ్ళారు. మఠం వ్యవహారాలు చూసే శిష్యుడు సాంబమూర్తికి ఒళ్ళు మండిపోయింది. "దేవుడి సొత్తుకి పన్నేమిటి స్వామీ? కట్టాలంటారా?" అని అడిగాడు. స్వామివారు భీమిలి అవతల ఒక జాలరిపేట సంగతి చెప్పారు.

ఆ పేటలో ఒక కట్టుబాటు ఉండేది. వేట నుంచి ఒడ్డుకు చేరిన ప్రతి పడవా ముందుగా కొన్ని చేపలు ఊరుమ్మడి గంపలో వెయ్యాలి. సముద్రంలో మగవాణ్ణి పోగొట్టుకున్న ఇళ్ళకి ఆ గంపే ఆధారం. గంగమ్మవారి గుడి పడవకి మాత్రం మినహాయింపు. దాని వేట అమ్మవారి పూజకి. అందులో వాటా అడిగితే కళ్ళు పోతాయని అందరికీ భయం.

ఒక ఏడాది గురువులు అనే ఆసామి తన పడవ ముక్కుకి పసుపు రాసి, కుంకంబొట్లు పెట్టి, "ఇదీ అమ్మోరిదే, నాను నడిపేవోడిని అంతే" అన్నాడు. కాదనడానికి ఎవరికి గుండె ఉంది? మర్నాడు పక్కవాడూ పసుపు కొన్నాడు. ఆహా, ఏం భక్తి! వానాకాలం వెళ్ళేసరికి ఒడ్డున అమ్మవారిది కాని పడవ ఒక్కటీ లేదు.

ఆ కార్తీకంలో గాలివాన వచ్చింది. గుడి పడవ ఒడ్డుకు కొట్టుకొచ్చింది గానీ, దాన్ని నడిపే అప్పలసూరి రాలేదు. కర్మ ముగిశాక అతని భార్య కొర్లమ్మ గంప దగ్గరికి వెళ్ళింది. అందులో ఏముంది, ఇసుక. ఇంట్లో పిల్లలు గంజికి కూడా గతిలేక ఏడుస్తున్నారు. ఆమె తిన్నగా పూజారి ఎర్రయ్య దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"పడవలన్నీ అమ్మోరివే అంతన్నారు. మరి నా పిల్లలు ఎవులి పిల్లలు బాబూ?"

కొత్త మనిషి నడిపే గుడి పడవ అప్పుడే వేట నుంచి వచ్చింది. ఎర్రయ్య నీళ్ళలోకి దిగి, ఉన్నవాటిలో పెద్ద వంజరం చేపని ఎత్తి తెచ్చి గంపలో పెట్టాడు.

"అయ్యో, అది అమ్మోరిది!" అని గురువులు అరిచాడు.

"అమ్మోరిది గనకే ముందు ఏసినాను" అన్నాడు ఎర్రయ్య.

ఆపైన ఒడ్డున ఎవరూ ఎవరి మొహమూ చూడలేకపోయారు. ఒక్కొక్కరే చేపలు పట్టుకుని గంప దగ్గరికి వచ్చారు. గురువులు అందరికంటే ఆఖరున వచ్చాడు.

సాంబమూర్తి ఊరుకుంటాడా? "బాగానే ఉంది గానీ స్వామీ, ఆ పూట అమ్మవారి గుడిలో దీపానికి లోటు వచ్చే ఉంటుంది కదా?" అన్నాడు.

స్వామివారు కాషాయం సర్దుకుంటూ లేచారు.

"దీపం వెలిగిందో లేదో నాకు తెలియదు నాయనా. ఆ పూట మా అమ్మ పొయ్యి వెలిగించింది."