చెవి వెనక పాయ

బొబ్బిలిలో బ్యూటీ పార్లర్ నడిపే తిలోత్తమ చేతిలో పని బాగానే ఉండేది కానీ, ఎదురు పార్లర్‌లో కనకవల్లి ముందు నలుగురు కూర్చున్నారంటే ఆమెకు అన్నం సహించేది కాదు.

కనకవల్లి ఉంగరాల జుట్టుకు మందు రాసి తిన్నగా చేసేది. తిలోత్తమ రోజూ కిటికీ తెర పక్కకు లాగి చూసేది. ఏ డబ్బా వాడుతోందో కనిపెట్టి, అదే తెప్పించింది. కనకవల్లి ప్రతి మనిషినీ కూర్చోబెట్టి ఏవో అడిగేది. ముందు చెవి వెనక ఒక్క పాయకే మందు రాసి ఆగేది. "అబ్బో, డాక్టరమ్మ!" అని మూతి తిప్పుకునేది తిలోత్తమ.

ఒకరోజు హిమజ అనే అమ్మాయి కనకవల్లి దగ్గరనుంచి ముఖం మాడ్చుకుని బయటికి వచ్చింది. మర్నాడే వాళ్ళక్క నిశ్చితార్థం. తిలోత్తమ గుమ్మంలోకి ఉరికింది.

"ఏమ్మా, అలా వచ్చేశావేం?"

"నా జుట్టుకి మందు పడదన్నారండీ. గోరింటపొడి పెట్టుకున్నానని..."

"పడకపోవడమేమిటి, చేతకాదని చెప్పలేక! రా తల్లీ, నేను చేస్తాను. వెళ్ళేటప్పుడు మాత్రం ఆవిడ గుమ్మం ముందునుంచే వెళ్ళు."

చూశారా పిల్లలూ, ఆమె మనసంతా ఆ చివరి మాటలోనే ఉంది. అమ్మాయి చెప్పబోయిన మాట చెవికెక్కలేదు.

తలంతా మందు పట్టించింది. కాసేపటికి హిమజ "ఆంటీ, మండుతోంది!" అని అరిచింది. గబగబా కడిగి దువ్వెన పెడితే, జుట్టు గుప్పెళ్ళకొద్దీ తెగి చేతిలోకి వచ్చింది. హిమజ అద్దంలో చూసుకుని ఘొల్లుమంది.

ఆ ఏడుపు విని కనకవల్లి పరుగున వచ్చింది. దెప్పలేదు. కత్తెర తీసుకుని, మిగిలిన జుట్టును మెడదాకా పొందికగా కత్తిరించింది. తిలోత్తమ గుమ్మం వైపు తిరిగైనా చూడకుండా హిమజ వెక్కుతూనే ఇంటికి వెళ్ళింది.

"నీకు ముందే ఎలా తెలిసింది?" అంది తిలోత్తమ, తల దించుకుని.

"అడిగితే తెలిసిందక్కా. నాలుగు నెలలుగా నల్ల గోరింటపొడి పెడుతోందట. అందులో కలిపే రంగుకీ ఈ మందుకీ పడదు. చెవి వెనక పాయకు రాసి చూస్తే తెగిపోయింది."

"రోజూ నిన్నే చూస్తూ ఉన్నానే!"

"నన్నెక్కడ చూశావక్కా? నా డబ్బాను చూశావు, నా దగ్గరికొచ్చేవాళ్ళను లెక్కపెట్టావు."

మర్నాడు తిలోత్తమ కిటికీ తెర తీసేసి, రోడ్డు దాటి వెళ్ళి, కనకవల్లి పక్కన నిలబడి పని నేర్చుకుంది.

నీతి: అసూయతో చూసేవారికి ఎదుటివారి గెలుపే కనిపిస్తుంది, ఆ గెలుపు వెనకున్న జాగ్రత్త కనిపించదు.